కొండగోడపై గిలకతాడు

బావినుండి నీరు చేదుకొను గిలకను చూడనివారు మనలో అరుదు. చేద మునుగును, తాడు గిలకమీదుగా మన చేతికి వచ్చును, మనము క్రిందికి లాగినకొలది కడవెడు నీరు పైకి లేచి వచ్చును. బరువును పైకెత్తుటకు ఇంతకంటె సుకరమైన సాధనము లేదు. పాఠ్యపుస్తకములలో దీనినే కప్పి అందురు. ఈ చిన్న చక్రము బావిగట్టును దాటి, మనుష్యుడు కాలుమోపుటకే చోటులేని రాతిగోడలమీదికి కూడ ఎక్కినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున యోసెమిటీ అను లోయ కలదు. ఆ లోయలో ఎల్ కాపిటాన్ అను గ్రానైటు శిల నేలనుండి దాదాపు 900 మీటర్లు నిట్టనిలువుగా లేచి నిలిచియున్నది. దాని నెక్కువారు తమ అన్నపానీయములను, పడకలను గిలకతాడుతోనే వెంట తీసికొనిపోవుదురు. అక్కడ గిలక తిన్నగా తిరుగుట, తిరుగకుండుట అనునది శ్రమకు మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకును సంబంధించిన విషయము. ఆ విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుట ఈ ప్రసంగము ఉద్దేశము.

సామాన్యముగా కొండ నెక్కువాడు తన మూటను తన వీపుననే మోసికొనిపోవును. సాయంకాలమునకు చదునైన తావు చూచి గుడారము వేసికొనును. రాతిగోడపై ఈ రెండును సాధ్యము కావు. వ్రేళ్ళకొనలు పట్టునంత పగులును ఆధారము చేసికొని పైకి ప్రాకువానికి వీపున ఇరువది కిలోల బరువున్నచో అది వానిని వెనుకకు లాగివేయును. రాత్రి పడుకొనుటకు చదునైన నేల దొరకదు. అందుచేత గొట్టముల చట్రమునకు గుడ్డ బిగించిన వ్రేలాడుమంచమును రాతికి తగిలించి, దానిపై నిద్రింపవలెను. ఆ మంచమును కూడ వెంట తెచ్చుకొనవలసినదే.

గోడనెక్కువారు సాధారణముగా ఇద్దరు. మొదటివాడు నడుమునకు తాడు కట్టుకొని ముందుగా ఎక్కును. తాడు పొడవు దాదాపు తీరిన పిదప, రాతిలో దిగవేసిన బోల్టులకో, పగుళ్ళలో బిగించిన మేకులకో తన్ను కట్టుకొని నిలుచును. ఆ కట్టుడు తావును లంగరు అనియు, ఒక లంగరునుండి మరియొక లంగరువరకు గల దూరమును మజిలీ అనియు పిలుచుకొందము. ఎల్ కాపిటాన్‌పై ప్రసిద్ధమైన నోస్ మార్గమున, అనగా ముక్కుదారిలో, ఇట్టి మజిలీలు సుమారు ముప్పది కలవు. మొదటివాడు లంగరు చేరి బరువును పైకి లాగుచుండగా, రెండవవాడు తాడు వెంబడి ఎక్కుచు, నడుమ నాటిన మేకులను ఊడదీసికొనుచు వచ్చును. ప్రతి మజిలీయందును ఇదే తంతు.

ఇక బరువెంత? ఎండకాలమున గోడపై శ్రమించువానికి దినమునకు మూడు నాలుగు లీటర్ల నీరు కావలెను. గోడపై ఊటలు లేవు. ఆ నీరంతయు నేలనుండియే పోవలెను. ఇద్దరు మనుష్యులు అయిదు దినములు ఉందురనుకొన్నచో, తలకు మూడున్నర లీటర్ల వంతున 35 లీటర్లు, అనగా 35 కిలోలు, నీరే అగును. దానిపై భోజనము, పడక, చలికోట్లు, వానకోట్లు, వ్రేలాడుమంచము, వంటపొయ్యి, మలమును తిరిగి క్రిందికి తెచ్చుటకు మూతగల పాత్ర—ఇవి చేరును. గోడనుండి మలమును జారవిడుచుట ఆ లోయలో నిషిద్ధము. అన్నియు కలిపి బయలుదేరునాటికి 60, 70 కిలోల మూట అగుట సాధారణము. ఒక మనిషి బరువు గల ఈ సంచికి ఎక్కువారు పెట్టిన ముద్దుపేరు పంది. అది ఎక్కడబడిన అక్కడ మొరాయించుననుటకు ఆ పేరు సాక్ష్యము.

ఈ పంది సమస్య ఎట్లు తీరినదో తెలియుటకు కొంత చరిత్ర చూడవలెను. ఎల్ కాపిటాన్ ముక్కుదారిని తొలుత జయించినవారు వారెన్ హార్డింగ్, వేన్ మెర్రీ, జార్జి విట్మోర్ అనువారు. 1957 జులైలో ఆరంభమైన ఆ యత్నము 1958 నవంబరు 12వ తేదీన ముగిసినది. పలుమారులు దిగుచు, మరల ఎక్కుచు, గోడమీద వారు గడపిన దినములు 47. వారు ఎక్కినంతమేర తాళ్ళు కట్టి వదలి, ఆ తాళ్ళ వెంబడి సామగ్రిని చేరవేసికొనిరి. వారి సహచరులలో బిల్ ఫ్యూరర్ అను యంత్రనిపుణు డొకడుండెను. ఆయన సామాను లాగుటకై బైసికిలు చక్రములు అమర్చిన ఒక చిన్న బండిని కల్పించెను. గోడపై చక్రములబండి పరుగెత్తుట వినుటకు వింతగానే యుండును. కాని ఆ వింతవెనుక నున్న ఆలోచన మాత్రము సరియైనదే: సంచి రాతిని రాచుకొనుటవలన కలుగు నష్టమును తగ్గించుటయే ఆ చక్రముల పని.

1960లో రాయల్ రాబిన్స్, జో ఫిట్చెన్, చక్ ప్రాట్, టామ్ ఫ్రాస్ట్ అను నలువురు అదే దారిని నడుమ దిగక ఏడు దినములలో ఎక్కిరి. నేలకు వ్రేలాడు తాళ్ళ బంధము తెగిన పిదప, బరువు మోయు పద్ధతియే మారవలసివచ్చెను. తెచ్చుకొన్నదంతయు తమతోనే కదలవలెను. మరచిపోయినదానికై మరల దిగుట లేదు. అంతవరకు చేతులతో లాగుట, తాడు వెంబడి మోసికొనిపోవుట అను మోటు మార్గములే ఉండెను. చేతులతో లాగినవాని ముంజేతులు మరునాటి ప్రాకుటకు పనికిరాక పోవుచుండెను.

ఈ చిక్కును విడదీసినది స్విట్జర్లాండునుండి వచ్చిన ఒక చిన్న పనిముట్టు. 1958 ప్రాంతమున అడోల్ఫ్ యూసీ, వాల్టర్ మార్టీ అను ఇద్దరు స్విస్ దేశీయులు తాడును పట్టి ఎక్కుటకు ఒక పిడిని కల్పించిరి. గద్దల గూళ్ళను పరిశీలించుటకై కొండచరియలమీద తాళ్ళ వెంబడి ఎక్కవలసివచ్చుటచేత వారికి ఆ అవసరము కలిగెను. ఇద్దరి పేర్ల తొలి భాగములు కలిపి దానికి జూమర్ అని పేరుపెట్టిరి. దాని లోపల పండ్లుగల ఒక నాలుక ఉండును. పిడి తాడుపై ఒకవైపునకు సులువుగా జారును. రెండవవైపునకు లాగినచో నాలుక తాడును కరచి పట్టుకొనును. ఇట్లు ఒకే దిశకు దారి విడుచు సాధనము చేతికి వచ్చినంతనే గిలకకు కొత్త జీవము వచ్చెను. 1960 తరువాతి యేండ్లలో రాయల్ రాబిన్స్ గిలకను, జూమర్లను కలిపి, చేతులతో గాక దేహపు బరువుతో సంచిని లాగు పద్ధతిని రూపొందించి వాడుకలోనికి తెచ్చెను. నేటికిని మూలసూత్రము అదే.

ఆ అమరిక ఇట్లుండును. లంగరునకు ఒక గిలకను వ్రేలాడదీయుదురు. సంచినుండి వచ్చిన మోకు గిలకపైనుండి ఇవతలకు దిగును. సంచివైపు మోకుపై ఒక జూమరును తలక్రిందులుగా బిగించి లంగరునకు కట్టుదురు. మోకు పైకి వచ్చునప్పుడు అది అడ్డుపడదు. క్రిందికి జారబోయినచో కరచి పట్టును. ఇవతలివైపు మోకుపై మరియొక జూమరును నిలువుగా బిగించి, దానిని ఆరోహకుడు తన నడుముపట్టీకి తగిలించుకొనును. పిమ్మట కాళ్ళు గోడకు తన్నిపట్టి, తన బరువంతయు దానిపై వైచి క్రిందికి కూర్చుండును. ఆయన ఎంత దిగునో సంచి అంత పైకి వచ్చును. పిదప లేచి, జూమరును మోకుపై పైకి జరుపుకొని, మరల కూర్చుండును. లేచునప్పుడు సంచి వెనుకకు జారదు. తలక్రిందుల జూమరు దానిని పట్టియుండును. ఇప్పుడు గిలకయు, కరచిపట్టు నాలుకయు ఒకే పనిముట్టులో ఇమిడి దొరకుచున్నవి గనుక కట్టుట మరింత తేలికయైనది.

మోటబావిని ఎరిగిన పల్లెవాసులకు ఈ కిటుకు కొత్తది కాదు. మోట తోలునప్పుడు ఎడ్లు వాలుబాటపై క్రిందికి నడచును. అవి తమ కండబలముతో పాటు తమ దేహభారమును గూడ తాడుపై మోపును. బాన పైకి వచ్చును. రాతిగోడపై ఆరోహకుడే ఎద్దు, ఆరోహకుడే తోలువాడు. చేతులు చేయలేని పనిని తొడలు, దేహపు బరువు చేయును. చేతులు మరునాటి ప్రాకుటకు మిగులును.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. 60 కిలోల సంచిని ఇట్లు ఎత్తుటకు ఎంత బలము కావలెను? రాపిడి లేని గిలకయైనచో 60 కిలోల బలముతో సంచి తూగును. దానికంటె ఏమాత్రము హెచ్చినను కదలును. కాని రాపిడి లేని గిలక పుస్తకములలోనే కలదు. బాల్ బేరింగులు గల మంచి గిలక నూటికి తొంబది పాళ్ళ బలమును సంచికి చేర్చునని అనుకొందము. అప్పుడు కావలసినది సుమారు 67 కిలోలు. డెబ్బది కిలోల మనిషి తన బరువుతోనే దానిని లాగగలడు. ఇప్పుడు గిలకకు బదులు, తాడు తగిలించుటకు వాడు కారబినరు అను లోహపు కొక్కెముమీదుగా అదే మోకును లాగినట్లు ఊహింపుడు. కొక్కెము తిరుగదు; మోకు దానిపై రాచుకొనుచు పోవలెను. అది నూటికి అరువది పాళ్ళు మాత్రమే చేర్చుననుకొన్నచో, కావలసిన బలము నూరు కిలోలు. డెబ్బది కిలోల మనిషి దానిపై కూర్చున్నను సంచి కదలదు. సంచి అదే, మోకు అదే, మనిషి అదే. నడుమనున్న అరచేతియంత చక్రముయొక్క గుణము మాత్రమే మారినది.

మనిషికంటె సంచి బరువైనప్పుడు లేదా ఆరోహకుడు తేలికపాటివాడైనప్పుడు యాంత్రికలాభము కొరకు మరియొక గిలకను చేర్చుదురు. రెండింతల అమరిక ఇట్లుండును. సన్నని వేరొక తాడును తీసికొని దాని ఒక కొనను లంగరునకు ముడివేయుదురు. అది క్రిందికి దిగి, సంచిమోకుపై బిగించిన జూమరునకు తగిలించిన కదులు గిలకలోనుండి పోయి, మరల పైకి వచ్చి, లంగరువద్దనున్న రెండవ గిలకపైనుండి ఆరోహకుని నడుమునకు చేరును. కదులు గిలకను రెండు పోగులు మోయుచున్నవి గనుక, లెక్కప్రకారము సగము బలము చాలును. మంచి గిలకలు రెండున్నచో, రాపిడి పోగా, లాభము రెండు కాక 1.71 వచ్చును, 60 కిలోల సంచికి 35 కిలోల బలము చాలును. ఇది నిజముగా గొప్ప సౌకర్యమే.

కాని గిలకలు తెచ్చుకొనక ఆ రెండు తావులందును కొక్కెములనే వాడినచో నేమగును? మొదటి కొక్కెమువద్ద నూటికి అరువదియే నిలుచును. రెండవ కొక్కెమువద్ద ఆ అరువదిలో అరువది పాళ్ళు, అనగా ముప్పదియారు, నిలుచును. రెండు పోగుల బలము కలిపిన లాభము 0.96. రెండింతలని పేరుపెట్టుకొన్న అమరిక ఒక్కింతకు కూడ చాలకపోయినది! అరువది కిలోల సంచికి 62 కిలోలకు పైగా బలము పెట్టవలెను. ఒంటి మంచి గిలకతో సూటిగా లాగినప్పుడు కావలసినది 67 అని చెప్పుకొంటిమి. ఆ నాలుగు కిలోల భేదమునకై రెండింతల తాడు లాగవలసివచ్చును.

మూడింతల అమరికయు ఇట్లే. సంచిమోకు లంగరు గిలకపైనుండి దిగి, సంచివైపు మోకుకు జూమరుతో తగిలించిన కదులు గిలకలోనుండి మరల పైకి పోవును. చూచుటకు వంకరటింకరగా మూడు పోగులు కనిపించును. అయితే ఈ అమరికలో చివరిపోగును పైకి లాగవలెను. పైకి లాగునప్పుడు దేహపు బరువు అక్కరకు రాదు, చేతులే దిక్కు. కావున దానిని మరియొక గిలకపైనుండి క్రిందికి మళ్ళింతురు. అన్నియు మంచి గిలకలైనచో లాభము సుమారు 2.4, సంచికి 25 కిలోల బలము చాలును. అన్నియు కొక్కెములైనచో లాభము 1.2కు కొంచెము లోపుగా నుండి, 51 కిలోలు కావలసివచ్చును. కొక్కెములతో కట్టిన మూడింతలకంటె గిలకలతో కట్టిన రెండింతలు మేలని దీనివలన తేలుచున్నది. గిలకల సంఖ్య పెంచుటకు ముందు గిలకల గుణమును చూడవలెను.

మరియొక సూక్ష్మము కలదు. మనవద్ద మంచి గిలక ఒక్కటియే ఉన్నది, రెండవ తావున కొక్కెముతో సరిపెట్టుకొనవలెను అనుకొందము. మంచిదానిని ఎచ్చట పెట్టవలెను? బరువుకు దగ్గరగా పెట్టుటయే న్యాయమని తోచును. లెక్క వేరుగా చెప్పుచున్నది. రెండింతల అమరికలో మంచి గిలకను లాగువానికి దగ్గరనున్న తావున పెట్టినచో కావలసిన బలము 42 కిలోలు. సంచిమోకువద్ద పెట్టినచో 53 కిలోలు. కారణము సులభమే. లాగువాని ప్రక్కన జరిగిన నష్టము అటుపైనున్న పోగులన్నింటికిని సంక్రమించును. చివర జరిగిన నష్టము చివరి పోగుకే పరిమితము. కాలువ మొదట గండి పడినచో చేలన్నియు ఎండును; చివర పడినచో చివరి మడి మాత్రమే ఎండును.

యాంత్రికలాభమునకు వెల లేకపోలేదు. రెండింతల అమరికలో సంచి ఒక మీటరు లేచుటకు రెండు మీటర్లు, మూడింతల అమరికలో మూడు మీటర్లు లాగవలెను. ఏబది మీటర్ల మజిలీకి మొదటిదానిలో నూరు మీటర్లు, రెండవదానిలో నూటయేబది మీటర్లు. ముప్పది మజిలీల గోడపై ఈ భేదము గంటలలోనికి, దినములలోనికి పెరుగును. దినములు పెరిగినచో నీరు పెరుగవలెను. నీరు పెరిగినచో సంచి బరువగును. కావున తన దేహపు బరువునకు సంచి లొంగినంతవరకు ఒంటిగిలకయే ఉత్తమమని అనుభవజ్ఞుల మతము. సంచి లొంగనప్పుడు రెండింతలు. మూడింతలు చిక్కుపడిన సంచిని కొద్దిదూరము కదల్చుటకో, గాయపడినవానిని ఎత్తుటకో తగినది.

ఇచ్చట వింతయైన లెక్క యొకటి చెప్పవలెను. అరువది కిలోల బరువును ఏబది మీటర్లు ఎత్తుటలో జరుగు పని కేవలము ఏడు కిలోకేలరీలు. మన దేహము తిన్న ఆహారములో నాలుగవ వంతో అయిదవ వంతో మాత్రమే పనిగా మార్చగలదు. ఆ ప్రకారమైనను ముప్పదియైదు కిలోకేలరీలకు మించదు. అది ఒక అరటిపండులో సగమునకంటె తక్కువ. మరి లాగినవాడు ఏల సొమ్మసిల్లుచున్నాడు? ఎత్తిన బరువువలన కాదు; ఎత్తుటలో వృథాయైన శ్రమవలన. ప్రతిమారును కూర్చుండినవాడు మరల తన డెబ్బది కిలోల దేహమును పైకి లేపుకొనవలెను. సాగెడు తాడును వాడినచో, కూర్చున్న ప్రతిసారియు కొంతమేర తాడు సాగుటకే సరిపోవును, సంచి కదలదు. అందుచేతనే సంచికి సాగుబాటు లేని మోకునే వాడవలెను. పడినవానిని మెల్లగా ఆపవలసిన ప్రాణరక్షణ తాడు సాగవలసినదే. రెండింటి ధర్మములు వేరు.

అన్నింటికంటె పెద్ద నష్టము రాతివద్ద జరుగును. గోడ ముందునకు వంగియున్నచో సంచి గాలిలో వ్రేలాడుచు సుఖముగా వచ్చును. గోడ వెనుకకు వాలియున్నచో సంచి రాతిని రాచుకొనుచు, ప్రతి అంచువద్దను తగులుకొనుచు వచ్చును. మోకు ఒక పదునైన అంచుమీదుగా వంగినచో, ఎంత మంచి గిలక యున్నను ఆ అంచే రాపిడి పెట్టును. మోకు కోసుకొనిపోవు ప్రమాదమును కలదు. అందుచేత లంగరు కట్టునప్పుడే గిలకను అంచునకు దూరముగా, వీలైనంత ఎత్తున తగిలింపవలెను. సంచిపై ముడి రాతిపగులున ఇరుకుకొనకుండుటకు ప్లాస్టిక్ నీళ్ళసీసాను అడ్డముగా కోసి, దాని మూతిభాగమును గొడుగువలె ముడిపై బోర్లింతురు. పైసా ఖర్చు లేని ఈ ఉపాయము పెద్ద గిలకలకంటె ఎక్కువ మేలు చేసిన సందర్భములు కలవు. ఇంతచేసినను సంచి చిక్కుకొన్నచో, క్రిందినుండి ఎక్కివచ్చు రెండవవాడు దానిని తన్ని విడిపింపవలెను. సంచి కదలనప్పుడు బలము పెంచుటకు మునుపు కారణము వెదకవలెను. కారణము తెలియకుండ మూడింతల బలము ప్రయోగించినవాడు సంచి చించుకొనుటయో, మోకు తెంపుకొనుటయో జరుగును.

భద్రతను గూర్చి కొన్ని నియమములు కలవు. మొదటిది: లంగరుపై పడు బరువు సంచి బరువు మాత్రమే కాదు. ఒంటిగిలకతో లాగునప్పుడు ఒకవైపు 60 కిలోలు, రెండవవైపు 67 కిలోలు, కలిసి 127 కిలోలు గిలకపై పడును. లంగరును దానికి తగినట్లు కట్టవలెను. రెండవది: లాగువాడు లాగుడు మోకును నమ్మి వ్రేలాడరాదు. వానిని లంగరునకు కట్టిన వేరొక తాడు, దిగిలేచుటకు చాలినంత వదులుతో, ఎల్లప్పుడు ఉండవలెను. మూడవది: సంచి పైకి వచ్చిన పిదప దానిని వేరొక తాడుతో, బరువు పడియుండగనే విప్పుటకు వీలగు ముడితో, లంగరునకు కట్టవలెను. బిగిసిపోయి ఊడని ముడి వేసినచో మరునాటి ఉదయము అరువది కిలోలను మరల ఎత్తి ముడి విప్పుకొనవలసివచ్చును. ఆ కట్టుడు సరిచూచుకొనక గిలకనుండి మోకును తీయరాదు. జారిన సంచి తన యజమానుల నీటిని పోగొట్టుటయే గాక, క్రింద ఎక్కుచున్నవారి తలలమీదికి పోవును. నాలుగవది: దారి ప్రక్కకు మళ్ళినచోట సంచిని ఒక్కుమ్మడిగా వదలరాదు. తోకతాడుతో పట్టి మెల్లగా నిలువుకు తేవలెను. లేనిచో అది గడియారపు లోలకమువలె ఊగి గోడకు కొట్టుకొనును.

ఇంత శ్రమ ఏల, మూటను తగ్గించుకొనరాదా అని అడుగవచ్చును. కొందరు తగ్గించుకొన్నారు. 2018 జూన్ 6వ తేదీన అలెక్స్ హోన్నోల్డ్, టామీ కాల్డ్‌వెల్ అను ఇద్దరు ముక్కుదారిని రెండు గంటలు నిండకముందే ఎక్కిరి. వారికి సంచి లేదు, గిలక లేదు. రాత్రి గడపుట లేదు గనుక వాటి అక్కరయు లేదు. అట్టి నేర్పు కోటికొకరిది. తక్కినవారికి గోడపై రాత్రులు తప్పవు. రాత్రులతో పాటు వాతావరణము మారు భయమును తప్పదు. 1984 అక్టోబరులో అదే ముక్కుదారిలో, శిఖరమునకు సమీపమున, ఇద్దరు జపాను ఆరోహకులు తుపానులో చలికి మరణించిరి. 1970లో వారెన్ హార్డింగ్, డీన్ కాల్డ్‌వెల్ అనువారు ఎల్ కాపిటాన్ ఆగ్నేయముఖముపై 27 దినములు గడపి, తుపాను నడుమ తమను రక్షింపవచ్చెదమనినవారిని వలదని చెప్పి, శిఖరము చేరిరి. వారి సంచులలోని ఆహారమును పొదుపుగా పంచుకొనుటచేత అది సాధ్యమయ్యెను.

మన హిమాలయములలో గంగోత్రి పైభాగమున నున్న మేరుశిఖరము కథ ఇంకను బోధకమైనది. 2008లో కాన్రాడ్ ఆంకర్, జిమ్మీ చిన్, రెనాన్ ఓజ్‌టర్క్ అను మువ్వురు సొరమీను రెక్క అని పేరుగాంచిన దాని రాతికొమ్మును ఎక్కబోయిరి. ఏడు దినముల ఆహారము తీసికొనిపోయిరి. తుపాను పట్టుకొనుటచేత గోడపై ఇరువది దినములుండవలసివచ్చెను. శిఖరమునకు సుమారు నూరు మీటర్ల దూరమున వెనుదిరిగిరి. అదే మువ్వురు 2011 అక్టోబరులో మరల వచ్చి, 6,310 మీటర్ల ఎత్తుగల ఆ శిఖరమును ముట్టిరి. ఆ గోడపై వారు లాగిన మూట సుమారు 90 కిలోలు. అంత యెత్తున పలుచని గాలిలో ఒక్కొక్కమారు కూర్చుండి లేచుటయే ఆయాసము. అట్టిచోట గిలకవద్ద పోవు బలము ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

కావున సంచి తక్కువైనను ప్రమాదమే, ఎక్కువైనను ప్రమాదమే. తక్కువైనవాడు తుపానులో చిక్కును. ఎక్కువైనవాడు లాగలేక జాగుచేసి తుపానును తానే ఆహ్వానించును. ఈ రెంటి నడుమ ఉన్న ఇరుకు దారిని కొంత వెడల్పు చేయునది రాపిడిని తగ్గించు విద్య. రాపిడి తగ్గిన మేరకు అదే మనిషి, అదే బలముతో, మరికొన్ని లీటర్ల నీరు, మరియొక చలికోటు పైకి తీసికొనిపోగలడు.

గోడ మొదట సంచి సర్దుకొనువారు మొదట దినములు లెక్కించి, ఆ పైన తుపానునకు ఒకటి రెండు దినములు చేర్చి, నీటిని కొలిచి నింపుకొందురు. పిమ్మట సంచిని నేలనుండి ఒక మీటరు ఎత్తున గిలకకు కట్టి, తమ బరువుతో అది లేచునో లేదో అక్కడనే పరీక్షించి చూచుకొందురు. లేవనిచో రెండింతలకు కావలసిన సన్నతాడును, చిన్నగిలకను చేర్చుకొందురు. లేదా వదలదగిన వస్తువును వదలుదురు. వదలునప్పుడు వంటపాత్రను వదలుదురు, పుస్తకమును వదలుదురు; నీటిని, చలికోటును, మంచి గిలకను వదలరు. ఆ పరీక్షకు పట్టునది పది నిమిషములు. రెండువందల మీటర్ల ఎత్తున, చీకటిపడువేళ, సంచి లేవదని తెలిసికొనుటకంటె నేలమీద తెలిసికొనుట ఎంతయో మేలు.